‘భూమిలాంటి గ్రహం’ అనే మాటతో నా పేచీ

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. ఫిబ్రవరిలో సైన్సు దినోత్సవానికి వాళ్ల బళ్లో వక్తృత్వపు పోటీ పెట్టారు. దీనికి వచ్చిన అంశం "మరో భూమి కోసం అన్వేషణ". పోటీ రేపనగా, రాత్రి భోజనాలయ్యాక నాలుగు కాగితాలు పట్టుకొచ్చి "పిన్నీ, ఐదు నిమిషాల్లో అయిపోతుందో లేదో టైం చూడవా" అంది. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూచున్నాను. నాలుగు నిమిషాల యాభై సెకన్లు. గొంతు బాగుంది, ఎక్కడా తడబడలేదు. చివరికి వచ్చేసరికి చెయ్యి పైకెత్తి, "కాబట్టి మిత్రులారా, ఈ భూమి పాడైపోయినా మనం భయపడనక్కర్లేదు. నాలుగు కాంతి సంవత్సరాల దూరంలోనే మరో భూమి మనకోసం ఎదురుచూస్తోంది!" అని ముగించింది.

పక్కన మంచమ్మీద కూచున్న మా నాన్న చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. మర్నాడు రెండో బహుమతి వచ్చింది, స్టీలు టిఫిన్ డబ్బా.

ఆ రాత్రి నేను దాన్ని సరిదిద్దలేదు. అంతా కంఠతా పట్టేసిన పిల్లని, తెల్లారితే పోటీ ఉండగా, పదింటికి కూచోబెట్టి గందరగోళపెట్టబుద్ధి కాలేదు. తప్పు చేశానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. "దూరంలోనే" అన్న మాటలోని ఆ "నే" సంగతి తేలిక. 1977లో బయల్దేరి గంటకి 61 వేల కిలోమీటర్ల వేగంతో పోతున్న వాయేజర్-1 అంతరిక్ష నౌక ఆ దారే పట్టినా అక్కడికి చేరడానికి 70 వేల ఏళ్లు దాటుతుందని చెబితే ఆ వయసు పిల్లకి ఇట్టే అర్థమవుతుంది. నన్ను వదలకుండా పట్టుకున్నది "మరో భూమి" అన్న మాట.

ఆ మాటని పిల్ల సొంతంగా పుట్టించలేదు. కాగితాల మధ్య ఒక పేపరు కటింగు ఉంది, శీర్షికలోనే "అచ్చం భూమిలాంటిదే" అని ఉంది. యూట్యూబులో రెండు వీడియోలు కూడా చూసిందట, నీలం సముద్రాలు, తెల్లమబ్బులు, కొండల మీద ఎర్రటి సూర్యుడు. తను చెప్పిన గ్రహం ప్రాక్సిమా సెంటారీ బి. 2016 ఆగస్టులో ప్రకటించారు. దాని గురించి గట్టిగా తెలిసినవి రెండే. 11 రోజులకోసారి తన నక్షత్రాన్ని చుట్టొస్తుంది, బరువు కనీసం భూమంత ఉంటుంది. వ్యాసం ఎంతో తెలియదు. గాలి ఉందో లేదో తెలియదు. నీటిబొట్టు ఉందో లేదో తెలియదు. తెలిసిన ఇంకో విషయం ఆ నక్షత్రం గురించి: 2019 మేలో అది ఒక్కసారిగా భగ్గుమని, కొన్ని సెకన్లలోనే అతినీలలోహిత కాంతిలో 14 వేల రెట్లు వెలిగింది. ఆ వెలుగు పడే చోటికి మా పిల్ల మనందర్నీ పంపించేసింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక గ్రహం మీద గాలి ఎలాంటిదో తెలిసేదాకా దాన్ని "భూమిలాంటిది" అనకూడదు. సైజు, బరువు, నక్షత్రం నుంచి దూరం, ఈ మూడూ కుదిరినా ఆ మాటకి చాలవు. ఈ లెక్కన ఇప్పటిదాకా ఖరారైన ఆరు వేల పైచిలుకు సౌరేతర గ్రహాల్లో ఒక్కదాన్ని కూడా అలా పిలవలేం. ఇలా అంటున్నానని ఈ వెతుకులాట గిట్టనిదాన్ని అనుకోకండి. మన కాలంలో మనుషులు చేస్తున్న పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. అందుకే దాని మీద ఇంత పట్టింపు.

వెల్డింగ్ అద్దంలో ఆవగింజ

2012 జూన్ 6 పొద్దున సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోయాడు. అప్పట్లో మేం విశాఖపట్నంలో పాతపోస్టాఫీసు దగ్గర అద్దెకుండేవాళ్లం. నాన్న ఓడల పనిలో వెల్డరు. ఆయన మాస్కులో వాడే అద్దం సూర్యుణ్ణి చూడ్డానికి చాలదని చదివి నేను పట్టుబడితే, కొత్తగా 14వ నంబరు అద్దం తెచ్చిపెట్టాడు. ఐదింటికే డాబా ఎక్కాం. ఆ ఇంటి పిట్టగోడ మీద రాత్రికి రాత్రి సన్నటి నల్లదుమ్ము పేరుకునేది. అమ్మ రోజూ తడిగుడ్డతో తుడిచేది, అయినా మోచెయ్యి ఆనిస్తే మరకే. సముద్రం మీద మబ్బు ముసురుకుని ఉంది. ఆరున్నర దాటాక మబ్బులో చిరుగు పడింది.

అద్దంలోంచి చూస్తే సూర్యుడు ఆకుపచ్చగా, చిన్న పూరీ అంత కనిపించాడు. దాని మీద ఒక ఆవగింజ. అంతే ఉంది శుక్రుడు. కానీ ఆ అంచు ఎంత నిఖార్సుగా ఉందంటే, సూర్యుడి మచ్చలు చెదిరిన సిరా చుక్కల్లా ఉంటే ఇది కంపాసుతో గీసినట్టుంది. నాన్నకి ఇచ్చాను. చూసి, "ఏటమ్మా, ఈ సుక్క కోసమేనా తెల్లారగట్ల లేపేసినావు?" అన్నాడు. అద్దం మాత్రం తిరిగివ్వలేదు. మబ్బు మళ్లీ మూసుకునేదాకా ఆయనే చూశాడు, మధ్యమధ్య "కదులుతున్నట్టుందే" అంటూ.

నాకు చాలాకాలం తెలియనిది ఏమిటంటే, మా డాబాకి రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే 1874 డిసెంబరు 9న ఒకాయన ఇదే దృశ్యాన్ని టెలిస్కోపులో చూసి, వివరాలు రాసి, లండన్ రాయల్ అస్ట్రనామికల్ సొసైటీ పత్రికకి పంపారు. ఆయన అంకితం వెంకట నరసింగరావు. ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు మద్రాసు అబ్జర్వేటరీలో ఖగోళం నేర్చుకుని వచ్చి, 1840 ప్రాంతంలో డాబాగార్డెన్స్‌లో తన సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టుకున్నారు. మామ పోయాక అల్లుడు దాన్ని నడిపించారు. ఇవాళ డాబాగార్డెన్స్ అంటే మనకి సరస్వతి పార్కు, షాపులు, సాయంత్రం ట్రాఫిక్కు. ఆ రోడ్డు మీద ఆటోలో ఇరుక్కున్న ప్రతిసారీ ఈ మామా అల్లుళ్లు గుర్తొస్తారు నాకు.

ఆ రోజుల్లో శుక్రుడు దాటడాన్ని చూసింది భూమికి, సూర్యుడికి మధ్య దూరం తేల్చుకోవడం కోసం. కానీ పని అదే పని. నక్షత్రం ముందు నుంచి గ్రహం దాటుతుంటే ఆ చుక్కని పట్టుకోవడం. 2009లో ఎగిరిన కెప్లర్ టెలిస్కోపు చేసిందీ అదే, కాకపోతే లక్షన్నర నక్షత్రాల మీద, చుక్క కంటికి కనపడకుండా, తగ్గిన వెలుతురు లెక్క మాత్రమే చూసి. ఎంత తగ్గుతుంది? దూరం నుంచి చూసేవాళ్లకి సూర్యుడి ముందు భూమి అడ్డొస్తే వెలుతురు పన్నెండు వేల వంతుల్లో ఒక వంతు తగ్గుతుంది. పన్నెండు వేలు ఇంటి అద్దె కట్టేటప్పుడు ఒక్క రూపాయి తక్కువైందని పట్టుకోవడం లాంటిది. అదీ నక్షత్రం తనంతట తాను మిణుకుతూ మచ్చలు తిప్పుతూ ఉండగా. పైగా ఆ గ్రహం కక్ష్య సరిగ్గా మన చూపుకి అడ్డంగా ఉండాలి. భూమంత దూరంలో తిరిగే గ్రహానికి అలా కుదిరే అవకాశం రెండొందల్లో ఒకటి. కుదిరినా ఏడాదికోసారే కనిపిస్తుంది, మూడుసార్లు చూస్తే గానీ నమ్మరు. కెప్లర్‌ని నిలకడగా పట్టి ఉంచే చక్రాల్లో రెండోది 2013 మేలో ఆగిపోయింది. అప్పటికి దానికి నాలుగేళ్లు.

నక్షత్రం ఊగిసలాటని బట్టి పట్టుకునే రెండో పద్ధతి ఇంకా కష్టం. భూమి లాగుడికి సూర్యుడు కదిలే వేగం సెకనుకి 9 సెంటీమీటర్లు. పాకే పసిపిల్లలు అంతకన్నా వేగంగా వెళ్తారు.

అందుకే భూమంత గ్రహాలు ఎక్కువగా ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల దగ్గర దొరుకుతాయి. చిన్న నక్షత్రం కాబట్టి చిన్న గ్రహం అడ్డొచ్చినా వెలుతురు బాగా తగ్గుతుంది, దగ్గర దగ్గరగా తిరుగుతాయి కాబట్టి వారాల్లోనే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. పేపర్లో వచ్చే "భూమిలాంటి" గ్రహాల్లో చాలావరకు ఈ జాతివే. అవి బహుశా తమ నక్షత్రానికి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తూ, ఒకవైపు ఎప్పుడూ పగలు, ఇంకోవైపు ఎప్పుడూ రాత్రిగా ఉంటాయి. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ, ఏడాది కక్ష్యలో, భూమంత రాతి గ్రహం అని ఖరారుగా చెప్పగలిగింది ఇంతవరకు ఒక్కటీ లేదు. ఇది వైఫల్యం అని నేననను. పని అంత కష్టమైంది, అంతే.

శుక్రుణ్ణి ఏమంటారు?

ఒక ఊహ చేద్దాం. నలభై కాంతి సంవత్సరాల అవతల మనలాంటి వాళ్లెవరో ఉన్నారు. కెప్లర్ కన్నా మెరుగైన టెలిస్కోపు మన సూర్యుడి వైపు తిప్పారు. రెండు రాతి గ్రహాలు దొరికాయి. ఒకదాని వ్యాసం రెండోదాంట్లో 95 శాతం, బరువు 81 శాతం. ఒకటి నక్షత్రానికి కాస్త దగ్గర, ఇంకోటి కాస్త దూరం. ఆ ఊరి పేపర్లో మర్నాడు శీర్షిక ఏముంటుంది? "ఒకే సూర్యుడికి రెండు భూములు" అనే ఉంటుంది.

వాళ్లు ఇంకాస్త శ్రద్ధగా వేడి లెక్క కడతారనుకోండి. శుక్రుడి మబ్బులు తన మీద పడ్డ వెలుతురులో మూడొంతులు తిప్పికొట్టేస్తాయి. మిగిలినదాంతో లెక్కేస్తే అక్కడ సున్నాకి దాదాపు 40 డిగ్రీలు దిగువన ఉండాలి. అదే లెక్క భూమికి వేస్తే మైనస్ 18 వస్తుంది. అంటే కాగితం మీద శుక్రుడు మనకన్నా చల్లటి ఊరు. అసలు నేల మీద ఉన్నది 465 డిగ్రీలు, సీసం కరిగిపోయే వేడి, మనకన్నా తొంభై రెట్లు ఎక్కువ గాలి ఒత్తిడి. భూమి మీద సగటున ఉన్నది 15 డిగ్రీలు. ఈ రెండు తేడాలూ గాలి వల్లే. అక్కడ దట్టమైన కార్బన్ డయాక్సైడ్ దుప్పటి, ఇక్కడ మనకి సరిపడా పల్చటి దుప్పటి.

ఆ లెక్క మొదటిసారి చేసుకున్న రోజున చాలాసేపు పెన్ను పక్కన పెట్టి కూచున్నాను. నాన్న చూసిన ఆవగింజ, నరసింగరావు గారు చూసిన ఆవగింజ, అంత ముద్దుగా సూర్యుడి మీద జారిపోయిన ఆ చుక్క మీద ఏముందో ఆ చుక్క సైజు, వేగం ఏమీ చెప్పలేదు. ఇవాళ మనం "భూమిలాంటిది" అని పిలుస్తున్న వాటిలో చాలావాటి గురించి మనకి తెలిసింది ఆ ఆవగింజంతే.

మద్రాసు నుంచి మొదలైన తొందర

ఈ తొందర కొత్తది కాదు. జగ్గారావు గారు చదువుకున్న ఆ మద్రాసు అబ్జర్వేటరీలోనే, 1855లో, డబ్ల్యు. ఎస్. జేకబ్ అనే అధికారి 70 ఒఫియూకి అనే జంట నక్షత్రాల కదలికలో తేడా కనిపెట్టి, అక్కడ ఒక గ్రహం ఉండే అవకాశం చాలా ఎక్కువని రాశాడు. గ్రహం లేదని తర్వాత తేలింది. ఇతర సూర్యుళ్ల చుట్టూ గ్రహాల కోసం సాగిన వెతుకులాటలో తొలి పేజీల్లో ఒకటి మన పక్క ఊళ్లో రాయబడిందని తెలిసినప్పుడు నాకు గర్వంగానే అనిపించింది, తప్పైనా సరే.

1960లలో పీటర్ వాన్ డి కాంప్ బార్నార్డ్ నక్షత్రానికి గ్రహం ఉందన్నాడు. ఆయన చూసిన ఊగిసలాట నక్షత్రానిది కాదు, ఆయన టెలిస్కోపు కటకాన్ని విప్పి సవరించినప్పుడు వచ్చిన తేడా. 2010లో గ్లీస్ 581 జి అన్నారు, ఎర్ర మరుగుజ్జు చుట్టూ సరిగ్గా నీళ్లు నిలిచే చోట. 2014లో అది ఆ నక్షత్రం మచ్చలు తిప్పే ఆట అని తేలింది. 2015 జూలైలో కెప్లర్-452బి, 385 రోజుల ఏడాది, సూర్యుడిలాంటి నక్షత్రం. దాన్ని "భూమికి పెద్దన్న" అన్న శీర్షిక నేనే కత్తిరించి దాచుకున్నాను. మూడేళ్లకి, అసలా సంకేతం గ్రహానిదేనా, పరికరం చేసిన సందడా అన్న అనుమానం జర్నల్లోకెక్కింది.

వీళ్లెవరూ అబద్ధాలాడలేదు. బార్నార్డ్ నక్షత్రం కథ చూడండి, 2024లో అక్కడ నిజంగానే ఒక గ్రహం దొరికింది, 2025 నాటికి నాలుగు ఖరారయ్యాయి, వాన్ డి కాంప్ చెప్పినవి కావు, బాగా చిన్నవి, నక్షత్రానికి అతి దగ్గరగా మాడిపోతున్నవి. శాస్త్రం తన తప్పుని తనే తవ్వి తీసుకుంటుంది. కానీ మొదటి ప్రకటన మొదటి పేజీలో వస్తుంది, దిద్దుబాటు ఎక్కడా రాదు. మా పిల్ల కాగితాల్లో కెప్లర్-452బి ఇప్పటికీ "పెద్దన్న"గానే ఉంది.

మేష్టారి మాట

బీచ్ రోడ్డులో పొద్దున్న నడకలో నాకొక రిటైరైన ఫిజిక్సు మేష్టారు కలుస్తుంటారు. ఇదంతా చెబితే ఆయన ఒప్పుకోలేదు. "ఆశ పెట్టకపోతే పిల్లలు తల పైకెత్తరమ్మా. ఫలానా నక్షత్రం ఫలానా సెంటీమీటర్లు ఊగింది అని చెబితే ఎవరొస్తారు? ఇల్లు కట్టేవాడికి ఇటుక గురించి చెబుతావా, ఇల్లు చూపిస్తావా?" అన్నారు. అంతటితో ఆగలేదు. "సరే, నువ్వెలా వచ్చావు ఈ దారికి?" అని అడిగారు.

ఆ ప్రశ్నకి నిజం చెప్పాలి. 2012లో ఆవగింజ చూసినా, ఆ తర్వాత ఐదేళ్లు నేను ఆకాశం సంగతి పట్టించుకోలేదు. 2017 ఫిబ్రవరిలో ట్రాపిస్ట్-1 వార్తతో పాటు పేపర్లో ఏడు గ్రహాల బొమ్మ వచ్చింది. నలభై కాంతి సంవత్సరాల దూరంలో, గురుగ్రహం కన్నా కొంచెం పెద్దదైన ఒక చిన్న నక్షత్రం, దాని చుట్టూ భూమి సైజు గ్రహాలు ఏడు వరసగా, కొన్నిటి మీద నీలం, తెలుపు. ఆ బొమ్మ నన్ను పట్టేసింది. ఆ నీలం చిత్రకారుడు వేసిందని, ఏ టెలిస్కోపూ చూసింది కాదని తెలిసేసరికి నేను అప్పటికే టెలిస్కోపు కొనుక్కున్నాను. కాబట్టి మేష్టారి మాటలో నిజం ఉంది, నా బతుకే సాక్ష్యం.

కానీ తర్వాత జరిగింది కూడా చెప్పాలి కదా. 2023లో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు ఆ వరసలో మొదటి గ్రహం వేడి కొలిచింది. పగటివైపు 230 డిగ్రీలు. గాలి ఉంటే ఆ వేడిని రాత్రివైపుకి మోసుకుపోయేది, పగటివైపు ఇంత కాలేది కాదు. అంటే గాలి లేదు, ఉన్నా లేనట్టే. రెండో గ్రహం మీద దట్టమైన కార్బన్ డయాక్సైడ్ లేదని అదే ఏడాది తేలింది. నాలుగోది మాత్రం, అందరూ ఆశ పెట్టుకున్న ట్రాపిస్ట్-1ఇ, ఇంకా తేలలేదు. ఆ వార్తలు వచ్చినప్పుడు నాకు నిజంగా ఏదో పోగొట్టుకున్న బాధ కలిగింది. ఎందుకు? నాకు ఎవరూ ఇవ్వనిది నాకు ఉందనుకున్నాను కాబట్టి. ఒక రాతి గ్రహం వేడిని నలభై కాంతి సంవత్సరాల దూరం నుంచి కొలిచారన్నది ఎంత గొప్ప సంగతి! దానికి పొంగిపోవాల్సిన రోజున నేను దిగులుగా కూచున్నాను. ఆ బొమ్మ నన్ను ఈ దారికి తెచ్చింది, అదే బొమ్మ అసలు గొప్పని చూడనివ్వలేదు. మేష్టారికి ఇదే చెప్పాను. "అయినా వచ్చావుగా" అన్నారు. మా వాదన అక్కడే ఉంది ఇంకా.

ఆయన కెప్లర్ సంగతి కూడా ఎత్తారు. విలియం బొరూకీ ప్రతిపాదనని నాసా నాలుగుసార్లు కాదంది, 2001లో గానీ ఒప్పుకోలేదు, జనంలో ఆశ లేకపోతే డబ్బెవరిస్తారు అని. కానీ బొరూకీ అడిగింది మరో భూమిని తెచ్చిస్తానని కాదు, భూమంత గ్రహాలు ఎంత సాధారణమో లెక్కపెడతానని. ఆ లెక్క వచ్చింది కూడా. మన గెలాక్సీలో నక్షత్రాల కన్నా గ్రహాలే ఎక్కువ. రాత్రి డాబా మీద పడుకుని ఏ నక్షత్రాన్ని చూసినా దాని దగ్గర ఏదో ఒకటి తిరుగుతూ ఉండొచ్చు. 1995 దాకా సూర్యుడిలాంటి మరో నక్షత్రం చుట్టూ ఒక్క గ్రహం ఉందని కూడా ఎవరికీ గట్టిగా తెలియదు. నా చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలో లేని విశ్వం ఇది. దీనికి మించిన ఆశ ఏం కావాలి?

నా వాదనలో చిక్కు

గాలి తెలియాలి అన్నాను. మరి ఎలాంటి గాలి ఉంటే "భూమిలాంటిది" అందాం?

ఆక్సిజన్ అందామంటే, భూమికే చాలాకాలం ఆక్సిజన్ లేదు. 450 కోట్ల ఏళ్ల వయసులో మొదటి సగం దాదాపు అది లేకుండానే గడిచింది, సూక్ష్మజీవులు బతుకుతూనే ఉన్నాయి. ఎవరైనా 300 కోట్ల ఏళ్ల కిందట మన గాలిని పరీక్షించి ఉంటే, "ఇది భూమిలాంటిది కాదు" అని మన భూమినే పక్కన పెట్టేసేవారు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర నిలబడినప్పుడల్లా నాకు ఇదే ఆలోచన. ఆ ఎరుపంతా ఇనుముకి ఆక్సిజన్ పట్టించిన తుప్పు. ఈ గ్రహం ఊపిరి పీల్చే రకంగా మారిందనడానికి మన ఊరి పక్కనే ఉన్న రంగు అది.

పోనీ, జీవం వాసన తెలిసే వాయువు ఏదైనా అందామా? 2025 ఏప్రిల్‌లో అదే జరిగింది. కేంబ్రిడ్జిలో పనిచేసే, మన దేశంలో పుట్టి చదువుకున్న నిక్కు మధుసూదన్ బృందం, 124 కాంతి సంవత్సరాల దూరంలోని కె2-18బి అనే గ్రహం గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ ఆనవాళ్లు కనిపించాయంది. ఇక్కడ అది సముద్రపు నాచుజీవుల నుంచి వస్తుంది. బీచ్‌లోకి దిగగానే సముద్రం వాసన అంటామే, అందులో దీని పాలు ఉంది. ఆ వార్త చదివిన సాయంత్రం నేను కావాలనే ఫిషింగ్ హార్బర్ వైపు నడిచి వెళ్లాను. గాలి గట్టిగా పీల్చి, ఇదే వాసన అంత దూరాన ఎక్కడో ఉంటే అని ఊహించుకున్నాను. కానీ అదే సమాచారాన్ని వేరేవాళ్లు వేరే పద్ధతుల్లో లెక్కేస్తే ఆ ఆనవాలు నిలబడలేదు. ప్రకటించిన బృందమే ఇంకా చాలా గంటల పరిశీలన కావాలంది. జీవమే లేని తోకచుక్క మీద కూడా ఈ వాయువు కనిపించింది. ఆ గ్రహమూ భూమికి ఎనిమిది రెట్లకి పైగా బరువు, రెండున్నర రెట్ల వ్యాసం. దాని మీద నిలబడడానికి నేల ఉందో లేదో.

కాబట్టి గాలి తెలిస్తే అన్నీ తెలిసిపోతాయని నేననలేను. ఆ మాట అనడానికి గాలి మొదటి మెట్టు, మిగతా మెట్లు ఎన్నో లెక్కపెట్టలేదు. ఈ చిక్కు నా అభిప్రాయాన్ని మార్చలేదు గానీ, ఇంకాస్త పిసినారిని చేసింది.

డబ్బు సంగతి నాన్న ఎత్తాడు, మేఘాద్రిగెడ్డ రిజర్వాయరు ఎండిన ఏడాది వీధిలో ట్యాంకరు దగ్గర బిందెలు పెట్టుకున్న రోజులు గుర్తుచేసి. వెబ్‌కి దాదాపు వెయ్యి కోట్ల డాలర్లు అయ్యాయి. అది పెట్టనంత మాత్రాన ఆ డబ్బు మా వీధి ట్యాంకరుకి వచ్చేది కాదు. ఈ విషయంలో నాకు పెద్ద సందేహం లేదు, కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నా.

సందేహం లేనిది ఇంకోటి ఉంది. "ఈ భూమి పాడైపోయినా భయం లేదు" అన్న వాక్యం. పిల్ల నోటి నుంచి అది అంత హాయిగా ఎలా వచ్చింది? ఇల్లు ఖాళీ చేసేవాళ్లు గోడకి మేకు కొట్టడానికి వెనకాడరు. అవతల ఇంకో ఇల్లు చూసిపెట్టారని వింటూ పెరిగిన పిల్లలకి ఈ ఇంటి గోడ మీద ఎంత ప్రేమ ఉంటుంది? పిట్టగోడ మీద నల్లదుమ్ము రోజూ తుడిచిన మా అమ్మకి ఇంకో ఇల్లు ఉందని ఎవరూ చెప్పలేదు.

సెలవులకి పిల్ల మళ్లీ వచ్చింది. జూన్‌లో ఇంకో పోటీ ఉందట, అదే ప్రసంగం పనికొస్తుందంది. ఈసారి కూచుని మాట్లాడుకున్నాం. శుక్రుడి లెక్క తనచేతే చేయించాను. మైనస్ 40 వచ్చినప్పుడు "తప్పు చేశానా" అని రెండుసార్లు తుడిచి మళ్లీ చేసింది. పూరీ మీద ఆవగింజ, పన్నెండు వేలల్లో ఒక్క రూపాయి, ఈ రెండూ తనే రాసుకుంది. సంతమస అన్న పేరు తనకి బాగా నచ్చింది. 2019లో మన దేశం తరఫున ఒక గ్రహానికి పెట్టిన పేరది, దాని నక్షత్రానికి భౌతిక శాస్త్రవేత్త బిభా చౌధురి పేరు మీద బిభా అని పెట్టారు. "సంతమసం అంటే చీకటి కదా పిన్నీ, పద్యంలో వచ్చింది" అంది. చివరి వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయింది. "నువ్వు చెప్పినట్టు ‘ఇంకా దొరకలేదు’ అని ముగిస్తే ఎవరూ చప్పట్లు కొట్టరు" అంది. అది నిజమే కావచ్చు. ఆ వాక్యం ఇంకా ఖాళీగానే ఉంది.

ఈమధ్య సాయంత్రాలు శుక్రుడు పడమట సింహాచలం కొండల మీద కనిపిస్తున్నాడు. నిన్న నా చిన్న టెలిస్కోపు డాబా మీదకి తెచ్చి పెట్టాను. తెల్లటి ముద్ద తప్ప అందులో ఇంకేమీ కనపడదు, మబ్బులు అంత దట్టం. చూసి "ఇంతేనా" అంది. నేను వంగి సరిచేస్తుంటే, "జరుగు పిన్నీ" అని మళ్లీ కన్ను పెట్టింది.